మిద్దె మీది ఆ రాత్రిని చెప్పడానికి పదిహేనేళ్లు పట్టింది

మా నాయన 2009 అక్టోబరులో పోయాడు. ఎట్లా పోయాడని ఎవరైనా అడిగితే ‘వరదల్లో’ అనేదాన్ని. కర్నూలులో ఆ మాట చాలు, దాని తర్వాత ఇంకేమీ అడగరు. అడిగినవాళ్ల ఇంట్లోనూ ఆ వరదకు ఏదో ఒకటి పోయే ఉంటుంది. వాళ్లు తల ఊపుతారు, నేను మాట మారుస్తాను. పదిహేనేళ్లు అట్లాగే గడిచాయి. ఆ తర్వాత ఒక క్లినికల్ సైకాలజిస్టు ముందు కూర్చొని, ఆ రాత్రిని మొదటి నుంచి చివరి దాకా నోరు తెరిచి చెప్పాను. అదెట్లా జరిగిందో రాస్తున్నాను. ‘కాలమే మాన్పుతుందిలే’ అని చెప్పించుకొని ఎదురుచూస్తున్నవాళ్లు మా జిల్లాలో ఇంకా చాలామంది ఉన్నారు.

ఆ ఏడు దసరాకు పుట్టింటికి వచ్చి ఉన్నాను. చంకలో పది నెలల బాబు. మా ఇల్లు పాతబస్తీలో, తుంగభద్రకు దగ్గర. నాయన ఒక బట్టల కొట్లో లెక్కలు రాసి రాసి అప్పటికి మానుకున్నాడు. ఉబ్బసం మనిషి. సెప్టెంబరు ఆఖరులో పట్టిన వాన విడవలేదు. ఒకవైపు తుంగభద్ర, ఇంకోవైపు హంద్రీ, కింద నిండిపోయిన శ్రీశైలం. పోవడానికి దారి లేక నీళ్లు ఊరి మీదికి ఎగదన్నాయి. శ్రీశైలం డ్యామును 19 లక్షల క్యూసెక్కులకు లెక్కేసి కడితే ఆ రోజుల్లో 25 లక్షలకు పైగా వచ్చాయని తర్వాత చదివాను. అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, మాకు తెలిసిందల్లా వాకిట్లోకి నీళ్లొచ్చాయని. ఆ తర్వాత మంచం కోళ్లు మునిగాయి. ఆ తర్వాత మెట్లు ఒక్కొక్కటీ కనపడకుండా పోయాయి. నాయన, అమ్మ, తమ్ముడు, నేను, బాబు మిద్దె మీదికి ఎక్కాం. తెల్లారేటప్పటికి నాయన లేడు.

నా భర్తతో సహా ఎవరికీ ఇంతకు మించి చెప్పలేదు.

పడవ వచ్చాక నాయనను డోన్ వైపు మా పెద్దనాయన వాళ్ల ఊరికి తీసుకుపోయారు. ఏటి ఒడ్డున ఉండే శ్మశానాలు ఏట్లోనే ఉన్నాయి మరి. ఆ ఊళ్లో మమ్మల్ని ఎరిగినవాళ్లు తక్కువ. దినాలు ఎంత తొందరగా ముగించవచ్చో అంత తొందరగా ముగించి, బురద ఎత్తిపోయడానికి తిరిగొచ్చాం. మోకాలి లోతు బురద. బియ్యం, బట్టలు, తమ్ముడి సర్టిఫికెట్లు, పెళ్లి ఫొటోలు అన్నీ అందులోనే. వీధిలో ఎవరి బురద వాళ్లది. పరామర్శకు రావాల్సినవాళ్లు కూడా పారలు పట్టుకొని వాళ్ల ఇళ్లల్లో ఉన్నారు.

ఆ పరామర్శ గురించి ఇప్పుడు చాలా ఆలోచిస్తాను. మామూలు రోజుల్లో మా వైపు ఒక మనిషి పోతే, వచ్చిన ప్రతి ఆడమనిషీ పక్కన కూలబడి ‘ఎట్ల జరిగిందమ్మా?’ అని అడుగుతుంది. అడిగిన ప్రతిసారీ మొదటి నుంచి చెప్పాలి. పొద్దున ఏం తిన్నాడు, ఏ మాట అన్నాడు, ఎప్పుడు కన్ను మూశాడు. శవం దగ్గర శోకాలు పెట్టేవాళ్లు కూడా ఆ మనిషి బతుకంతా వరసగా చెప్పుకుంటూ ఏడుస్తారు. చిన్నప్పుడు నాకది విసుగ్గా ఉండేది, చెప్పిందే చెప్పించి ఎందుకు ఏడిపిస్తారని. పదకొండు రోజులు తిరిగేసరికి ఆ ఇంటివాళ్లు ఆ కథను ఎన్ని సార్లు చెప్పి ఉంటారో! మొదటిరోజు గొంతు దాటని మాట చివరి రోజుకు దాటుతుంది. మా ఇంట్లో అది జరగలేదు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. మేము ఒకరినొకరం కూడా అడగలేదు.

నాకు పట్టుకున్నవి చిన్న చిన్న అలవాట్లుగా మొదలయ్యాయి. రాత్రి వాన చప్పుడైతే లేచి కూర్చోవడం. పాతబస్తీ వైపు పోవాల్సి వస్తే ఏదో ఒక సాకు చెప్పడం. కొండారెడ్డి బురుజు దాటి అటు అడుగు వేసేదాన్ని కాదు. ఇంట్లో చెంబు అనేది లేకుండా చేశాను. గ్లాసులు, బాటిళ్లు ఉంటాయి, చెంబు మాత్రం ఉండదు. మంచం కింద, బీరువా పక్కన, వంటింటి అటక మీద నీళ్లు నింపిన ప్లాస్టిక్ బాటిళ్లు. మా ఆయన మొదట్లో నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు, చివరికి ఊరుకున్నాడు. నాయన ఫొటోను దండ వేసి గోడకు పెట్టనివ్వలేదు. 2020 చలికాలంలో తుంగభద్ర పుష్కరాలు వచ్చాయి. కరోనా వల్ల ఏట్లో మునగనివ్వడం లేదన్నారు. పిండం పెట్టడానికి రమ్మని తమ్ముడు పిలిస్తే ఆ కరోనానే అడ్డం పెట్టుకొని పోలేదు.

మధ్యలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్తే నిద్రమాత్రలు రాశాడు. వేసుకుంటే నిద్ర వచ్చేది, మానేస్తే అంతా మళ్లీ మొదలయ్యేది. ‘మర్చిపోమ్మా, పిల్లోడిని చూసుకో’ అన్నాడు. అందరూ ప్రేమగా చెప్పిన సలహా కూడా అదే. ఈ సలహా ఇచ్చేవాళ్ల మీద నాకిప్పుడు కోపం లేదు గానీ ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలనుంది. దుఃఖంలో ఉన్న మనిషికి మర్చిపొమ్మని చెప్తే ఆ మనిషి మర్చిపోదు, మీ ముందు మాట్లాడటం మానుకుంటుంది.

2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. టీవీలో చూపిస్తున్నారు, ఏటి ఒడ్డు ఊళ్లను అప్రమత్తం చేస్తున్నామని చెప్తున్నారు. మేముండేది నంద్యాల చెక్‌పోస్టు వైపు, రెండో అంతస్తులో. అక్కడికి నీళ్లు రావని నాకూ తెలుసు. అయినా ఇంటర్ చదివే నా కొడుకును లేపి, వాడి పుస్తకాలన్నీ సంచిలో సర్ది, బాటిళ్లన్నీ తలుపు దగ్గరికి చేర్చి, తెల్లారేదాకా వాడి చెయ్యి వదల్లేదు. పొద్దున వాడు, ‘మ్మా, నీకేమో అయితాంది, నాకు భయమైతాంది’ అన్నాడు. గేటు దగ్గర స్టాప్‌లాగ్‌లు, అంటే తాత్కాలికంగా అడ్డం పెట్టే ఉక్కు పలకలు, దించి నీళ్లు ఆపారని వారం తర్వాత వార్త వచ్చింది. అప్పటికీ నాకు నిద్ర లేదు.

14416కు ఫోన్ చేశాను. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ అది. ఏ వేళ చేసినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు. అవతల ఉన్న అమ్మాయి ముందు పేరు కూడా అడగలేదు. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా అడిగింది. ఆ ప్రశ్నను అంత మామూలుగా అడగవచ్చని నాకు అప్పుడే తెలిసింది. లేదని చెప్పాక నిదానంగా విని, మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లమంది.

వెళ్లాను. సైకియాట్రీ ఓపీ అనగానే ఎవరైనా చూస్తారేమోనని టెన్షన్. లోపల బెంచీల మీద కూర్చున్నవాళ్లు మామూలు మనుషులే. పరీక్షలు దగ్గరపడ్డ పిల్లలు, తాగుడు మాన్పించడానికి మొగుళ్లను తెచ్చిన ఆడవాళ్లు, మతిమరుపు వచ్చిన ముసలాయనలు. డాక్టరు చాలాసేపు అడిగి నాకు రెండు ఉన్నాయని చెప్పాడు. ప్రాణభయం కలిగించిన సంఘటన మనసులో చల్లారకుండా ఉండిపోవడం ఒకటి, పీటీఎస్‌డీ అంటారు. దీర్ఘకాల శోకం రెండోది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన కూర్పులో, ఇది విడిగా చేరింది. మనిషి పోయి ఆరు నెలలు దాటినా, ఆ మనిషి కోసం తపన కొంచెం కూడా తగ్గకుండా రోజువారీ బతుకును ఆపేస్తుంటే అప్పుడు దాన్ని జబ్బుగా చూస్తారు. ఏడుపు జబ్బు కాదు, ఏడాదికొకసారి తద్దినం నాడు బాధపడటం జబ్బు కాదు, ఆ తేడా ఆయన బాగా విడదీసి చెప్పాడు. సెర్ట్రాలిన్ అనే మందు మొదలుపెట్టి, పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని, నాకై నేను హఠాత్తుగా మానేయకూడదని చెప్పి సైకాలజిస్టు మేడమ్ దగ్గరికి పంపాడు.

మేడమ్ చేసే పద్ధతి పేరు ప్రోలాంగ్‌డ్ ఎక్స్‌పోజర్. అమెరికాలో ఎడ్నా ఫోవా అనే సైకాలజిస్టు రూపొందించింది. మామూలుగా వారానికొకసారి, గంటన్నర చొప్పున, ఎనిమిది నుంచి పదిహేను వారాలు సాగుతుందట. ఏం చేయాలో ముందే చెప్పింది. కళ్లు మూసుకొని, ఆ రాత్రిని ఇప్పుడు జరుగుతున్నట్టుగా చెప్పాలి. ‘ఎక్కాం’ అనకూడదు, ‘ఎక్కుతున్నాం’ అనాలి. చెప్తుంటే ఫోన్లో రికార్డు చేస్తాం, ఇంటికి పోయి రోజూ వినాలి. మధ్యమధ్యలో మేడమ్ అడుగుతుంది, సున్నా నుంచి వంద దాకా బాధ ఎంత ఉందని. అంకె చెప్తే చాలు.

ఎందుకు అని అడిగాను. తవ్వుకుంటే ఇంకా ఎక్కువ కాదా?

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. మామూలు జ్ఞాపకానికి తేదీ ఉంటుంది, మొదలూ చివరా ఉంటాయి, అయిపోయిందని మనసుకు తెలుసు. ప్రాణభయంలో పడ్డ జ్ఞాపకం అట్లా సర్దుకోదు. ముక్కలుగా ఉంటుంది, ఒక చప్పుడు, ఒక వాసన, ఒక మాట. వాన చప్పుడు వినగానే ఆ ముక్క లేస్తుంది, మనం పారిపోతాం. పారిపోయినందుకు కాసేపు హాయిగా ఉంటుంది. ఆ హాయి వల్లే ఇంకోసారి కూడా పారిపోతాం. ఏమీ కాదని తెలుసుకునే అవకాశం మనసుకు ఎప్పటికీ రాదు. నిలబడితే, ఎంతో పైకి లేచిన భయం కూడా దానంతట అదే దిగుతుంది. అది దిగడం ఒంటికి అనుభవం కావాలి, నోటితో చెప్తే నమ్మదు.

మా ఇంట్లో ఇది కళ్లారా చూశాను కూడా. తడిగా ఉన్నప్పుడే కడిగిన గదుల్లో బురద నీళ్లతోనే పోయింది. తాళం వేసి వదిలేసిన వెనక గదిలో ఎండి గట్టిపడింది, దాన్ని గడ్డపారతో తవ్వాల్సి వచ్చింది. చెయ్యి బొబ్బలెక్కింది గానీ గది మిగిలింది.

మొదటిసారి చెప్పినప్పుడు పది నిమిషాల్లో ముగించేశాను. ఏడవలేదు కూడా. మేడమ్ ఏమీ అనకుండా ‘మళ్లీ మొదటి నుంచి’ అంది. రెండోసారి చీకటి పడటం దగ్గర గొంతు పట్టుకుంది. తర్వాతి వారం ఆమె మెల్లగా ఒక మాట అంది: ‘అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా మీరు ప్రతిసారీ దాటేస్తున్నారమ్మా.’ దాటేస్తున్నానని నాకు తెలుసు. ఆ భాగం పేరెత్తితేనే అంకె తొంభై ఐదు.

అక్కడ జరిగింది ఇది. వాన సాయంత్రానికే తెరిపిచ్చింది. చుట్టూ నల్లటి నీళ్లు, అందులో గేదెలు, సిలిండర్లు, మంచాలు కొట్టుకుపోతున్నాయి. మేము ఎక్కేటప్పుడు అమ్మ తెచ్చిన స్టీలు చెంబులో తాగే నీళ్లు సగం ఉన్నాయి. బాబుకు పాలపొడి కలపాలి. నాయన మందు గొట్టం కింద అలమారలో ఉండిపోయింది, అలమార నీళ్లలో ఉంది. ఆయన గోడకు ఆనుకొని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకొని, ఊపిరి కోసం భుజాలు ఎగరేస్తున్నాడు. ‘గుక్కెడు నీళ్లియ్యి పాపా’ అన్నాడు. ఇచ్చాను. ఇంకాసేపటికి మళ్లీ అడిగాడు. చెంబు వంచి చూశాను. ఒళ్లో బాబును చూశాను. ‘తెల్లారనీ నాయనా, తెల్లారితే పడవ వస్తుంది’ అన్నాను. ‘సరే’ అన్నాడు. మళ్లీ అడగలేదు.

మేడమ్ దీన్నే పట్టుకుంది. కథంతా వదిలేసి ఈ ముక్క ఒక్కటే చెప్పించింది, ఆగకుండా, అయిపోగానే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టిస్తూ. చెప్పేకొద్దీ ఇన్నేళ్లూ నాకు గుర్తులేనివి బయటికొచ్చాయి. ఆయన ‘సరే’ అన్నప్పుడు బాబు తల నిమిరాడు. అమ్మ ఆయన వీపు రాస్తోంది. తమ్ముడు టార్చిలైటు ఊపుతూనే ఉన్నాడు. ఆ ముక్కలో నేను ఒక్కదాన్నే, నా చేతిలో చెంబు ఒక్కటే ఉన్నట్టు ఇన్నేళ్లూ చూసుకున్నాను.

ఇంట్లో రికార్డు వినడం అన్నిటికన్నా కష్టం. పిల్లాడు కాలేజీకి, మా ఆయన పనికి పోయాక వంటింట్లో నేల మీద కూర్చొని వినేదాన్ని. మొదటి వారం మధ్యలోనే ఆపేశాను. అట్లా వచ్చి చెప్తే మేడమ్ తప్పుపట్టలేదు, ఎక్కడ ఆపారో అక్కడి నుంచే ఇక్కడ కలిసి విందాం అంది. కొన్ని వారాల తర్వాత ఒకరోజు వింటూ వింటూ పప్పు పొయ్యి మీద పెట్టి లేచి తిరుగుతున్నాను. బాధ ఉంది, కానీ ఒళ్లు వణకడం లేదు. చాలా మామూలుగా వచ్చింది ఆ మార్పు, వచ్చేదాకా తెలియలేదు.

నాయన నీళ్లు లేక పోలేదని డాక్టరు మొదట్లోనే చెప్పాడు. ఉబ్బసం ముదిరినప్పుడు నోటితో ఊపిరి తీసి తీసి నాలుక ఎండుతుంది, అందుకే దాహం. ఆయన్ని తీసుకుపోయింది ఊపిరి అందకపోవడం, ఇంకో గుక్క ఇచ్చినా అది మారేది కాదు. ఆ మాట విని తల ఊపాను గానీ లోపలికి పోలేదు. ఆ రాత్రిని అన్నిసార్లు చెప్పి, ఆ మిద్దె మీద అందరినీ చూశాకే ఆ మాట పట్టింది. ముందు తర్కం చెప్పి తర్వాత ఏడవమంటే కుదరదని నాకు అర్థమైంది.

దీనితో పాటే ఇంకో జాబితా నడిచింది. నేను తప్పించుకు తిరిగే పనులన్నీ రాయించి, తేలికవాటి నుంచి కష్టమైనవాటికి వరస వేయించింది. వాన పడుతుంటే మంచం దిగకపోవడం. బాటిళ్లు ఒక్కొక్కటీ మొక్కలకు పోసేయడం. ఒక చెంబు కొనడం, దాంతో నీళ్లు తాగడం. కొండారెడ్డి బురుజు దాటడం. పాత వీధిలో నడవడం. చీకటి పడే వేళ మిద్దె మీద కూర్చోవడం. ఏది చేసినా భయం సగానికి తగ్గేదాకా అక్కడి నుంచి కదలకూడదు, ఫోన్ చూసుకోకూడదు, దేవుడి పాటలు పెట్టుకోకూడదు.

పాత ఇంటిని తమ్ముడు ఎప్పుడో అమ్మేశాడు. వీధిలోకి పోయి చూస్తే మిద్దె లేదు. దాని మీద ఇంకో అంతస్తు లేపారు, కిటికీలోంచి పిల్లలు ఎక్కాలు చదువుతున్న చప్పుడు. నేను అన్నేళ్లు భయపడ్డ చోటు లేనే లేదు! మేడమ్‌తో చెప్తే, మీ బిల్డింగ్ మిద్దె ఉందిగా అంది. సంకల్‌బాగ్ ఘాట్‌కు మా ఆయనతో ఒకసారి, ఒంటరిగా ఇంకొన్నిసార్లు వెళ్లాను. ఎండాకాలం ఏరు బండలు తేలి ఉంటుంది, పిల్లలు ఆడుకుంటారు. వానాకాలం చూడటానికి నాకింకా ధైర్యం చాలలేదు.

శోకానికి చేసింది వేరు. నాయన ఎదురుగా కూర్చున్నట్టు ఊహించుకొని ఆయనతో మాట్లాడాలి, తర్వాత ఆయనై నాకు జవాబు చెప్పాలి. ఇది నాటకంలా ఉంటుందనుకొని చాలా సిగ్గుపడ్డాను. నీళ్ల సంగతి చెప్పి, క్షమించమని అడిగాను. ఆయనగా మాట్లాడాల్సి వచ్చినప్పుడు నా నోట్లోంచి వచ్చింది, ‘పిల్లోడు తాగినాడా?’ అని. ఆ మాట ఆయనదా, నా ఊహా అని అడిగితే నేను చెప్పలేను. కానీ ముప్ఫై ఏళ్లు ఆయన కూతురిగా ఉన్నదాన్ని, ఆయన మొదట అడిగేది అదేనని మాత్రం నాకు తెలుసు. ఆరోజు ఇంటికొచ్చి చాలా ఏడ్చాను. అంతకుముందు ఏడుపులో గుండె దడ ఉండేది, ఈ ఏడుపులో నాయన ఉన్నాడు.

అమ్మను అడగడం చివర్లో వచ్చింది. ఆమెను ఏమని అడగాలో తెలియక, పరామర్శకు వచ్చినదానిలాగే పక్కన కూర్చొని, ‘ఆ పొద్దు ఎట్ల జరిగిందమ్మా?’ అన్నాను. అమ్మ నన్ను చాలాసేపు చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా ఆపలేదు. చెంబు సంగతి ఆమెకు గుర్తే లేదు! ఆమెకు గుర్తున్నది చలి. తన తడి కొంగే ఆయనకు కప్పాల్సి వచ్చిందని. వాటికన్నా ముందు ఇంకొకటి, ఆ వారం ఆయన హైదరాబాదు చెల్లెలింటికి పోతానంటే పండగపూట పాప వస్తుంది వద్దని తనే ఆపిందని. పదిహేనేళ్లు ఆమె అక్కడ నిలబడిపోయి ఉంది, నేను ఇక్కడ. ఒకే మిద్దె మీద ఉన్నవాళ్లం. ఇద్దరం ఒకరి కథ ఒకరు విన్నాం, సరిచేయడానికి చూడలేదు.

ఎవరైనా ఇది చేయాలనుకుంటే రెండు మాటలు చెప్పాలి. దీన్ని ఒంటరిగా, గదిలో తలుపేసుకొని చేయకండి. చచ్చిపోవాలనే ఆలోచనలు ఉన్నవాళ్లకు, తాగుడులో ఉన్నవాళ్లకు ముందు వాటిని చూసి తర్వాతే ఇది మొదలుపెడతారని మేడమ్ చెప్పింది. అట్లాగే ప్రమాదం జరిగిన రోజుల్లోనే మనుషుల్ని కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పమని బలవంతం చేయడం మేలు చేయదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అది వద్దంటుంది. అప్పుడు కావాల్సింది అన్నం, పొడి బట్టలు, పక్కన మనిషి. వాళ్లంతట వాళ్లు చెప్తే వినండి. చాలామందికి అంతే సరిపోతుంది. నాకు సరిపోలేదు కాబట్టి ఇంత దూరం పోయాను.

మందు ఇంకా వాడుతున్నాను, డాక్టరు మెల్లగా తగ్గిస్తున్నాడు. నాయన ఫొటో హాల్లో ఉంది. వాన పడితే మెలకువ వస్తుంది, లేచి కూర్చోను. నా కొడుక్కి తాత ఎట్లా పోయాడో అంతా చెప్పాను, చెంబుతో సహా.

తమ్ముడు మాత్రం ఇంకా వద్దంటాడు. ‘నువ్వు చెప్పుకున్యావు, నీకు బాగైంది, నాకొద్దక్కా’ అంటాడు. ఆ రాత్రంతా టార్చి ఊపినవాడు కరెంటు పోతే ఇప్పటికీ ఇంట్లో ఉండలేడు. నేను బలవంతపెట్టలేదు. నంబరు ఇచ్చాను, జేబులో పెట్టుకున్నాడు. ఈసారి తద్దినానికి వస్తానన్నాడు, తన పిల్లల ముందు ఆ కథ ఎత్తవద్దని ఒక్కటే అడిగాడు. ఎత్తనని మాటిచ్చాను.